మన పూర్వుల క్రైస్తవాచారము

వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఒంగోలు ప్రాంతపు అరుంధతీయులలో క్రైస్తవమతము వ్యాపించిన విధమును చెప్పువారు సాధారణముగా 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని చెప్పి విరమింతురు. ఆ యొక్కదినమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గొప్ప సంగతియే. కాని నీట మునిగి లేచుటకు క్షణకాలము చాలును. లేచి యిండ్లకు వచ్చినవారు మఱునాటినుండి ఏమి తినిరి, ఏ పని మానిరి, ఎవరి పిలుపునకు పోక నిలిచిరి అనునది తెలిసినగాని ఆ సంఖ్యకు అర్థము తెలియదు.

సంస్కృతమున మతమనగా తలంపబడినది, అనగా అభిప్రాయము. ఆచారమనగా నడచుకొను తీరు. అభిప్రాయము మార్చుకొనుట మనస్సులోని పని. నడవడి మార్చుకొనుటకో, ఊరి యనుమతి కావలెను. ఆ యనుమతి మనవారికి ఎవరును ఈయలేదు.

ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలునకు సుమారు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాటి వాస్తవ్యుడు, తోళ్ల వర్తకుడు. వర్తకముకై ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు అక్కడ క్రైస్తవబోధ వినెను. అంతకు పూర్వమే ఆయన యొక స్త్రీగురువు నాశ్రయించి రాజయోగము నభ్యసించియుండెను. మనవారు ఆకలికై మతము మారిరని తేలికగా పలుకువారు ఈ సంగతిని తెలిసికొనవలెను. కఱవు రాకకు పదియేండ్లు ముందే, 1866లో, పేరయ్య భార్యతో గూడ ఒంగోలులో బాప్తిస్మము పొందెను. అమెరికా బాప్టిస్టు మిషనువారి జాన్ క్లౌ దొర ఒంగోలు చేరినదియు ఆ యేడే. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు 8 మంది.

క్రొత్తగా చేరువారికి విధించిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చదువుటకు ఇవి చిన్న మాటలు. నాటి పల్లెలో మాదిగవాని బ్రతుకు ఎట్లు కట్టబడియుండెనో యెఱిగినవారికి మాత్రము వీని బరువు తెలియును. రైతునకు చెప్పులు కుట్టుట, కపిలకు తోలుబాన కట్టుట, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవుట, జాతరలో డప్పు కొట్టుట మనవారి వంతు. కళ్లములో మేరగా నాలుగు గింజలు, చచ్చిన పశువు రైతుల వంతు. ఈ లెక్కలో వారమునకొక దినము సెలవను మాట లేదు. ఆదివారము రానని కరణమునకో మునసబునకో చెప్పిన మాదిగవాడు తరతరముల వాడుకను ధిక్కరించినవాడయ్యెను. పోలేరమ్మ కొలువులో డప్పు పట్టనన్నచో మేర పోయెను. పనులు ఈయకుండిరి, అంగడిలో సరుకు అమ్మనీయకుండిరి, అబద్ధపు నేరములు మోపిరి. ఇప్పుడు క్రిస్మసు ఊరేగింపులలో డప్పు మ్రోగుచున్నది, మాకది సంతోషమే. నాటివారు త్రోసివేసినది వాద్యమును కాదు, దాని వెనుకనున్న నిర్బంధమును.

మూడింటిలో మాంసనియమము మిక్కిలి కఠినమైనదని మా యభిప్రాయము. ఇందొక సూక్ష్మమున్నది. తోలుపని మానుమని ఎవరును చెప్పలేదు. లందలో సున్నము, తంగేడు చెక్క, కుట్టుపని యథాప్రకారము సాగినవి. బోధకులలో చెప్పులు కుట్టువారే యుండిరి. క్లౌ దొర భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మనవారిని గూర్చి ప్రకటించిన గ్రంథమునకు చెప్పులు కుట్టుచుండగా అనియే అర్థము వచ్చు పేరు పెట్టెను. అనగా చచ్చిన యెద్దు ఇంటికి వచ్చును, తోలు తీయబడును, మాంసము మాత్రము పారవేయవలెను. పంటలు లేని నెలలలో దండెముపై నారిన తునకలే పిల్లలకు ఆధారము. వానిని పారవేసిన దినమున సంకటిలోనికి ఏమి పెట్టవలెనను చింత బోధకునిది కాదు, ఇల్లాలిది. బోధకుల పేర్లు గ్రంథములకెక్కినవి. ఆ తల్లుల పేర్లు ఎక్కలేదు.

అగ్రవర్ణములవారు మొదట మిషనునకు దూరముగా నుండలేదు. మాదిగలను చేర్చుకొనకున్న తాము వచ్చెదమని సూచించిరి. క్లౌ దొరయు ఆయన మొదటి భార్యయు వేర్వేరు గదులలో బైబిలు తెఱవగా, ఇరువురకును కొరింథీయుల మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమే, అల్పులను దేవుడెన్నుకొనుటను గూర్చిన భాగమే, కనబడెనట. మనవారిని చేర్చుకొనిరి. పాఠశాలలోని అగ్రవర్ణబాలురు విడిచిపోయిరి.

1876 మొదలు 1878 వఱకు మహాక్షామము. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌ దొర గుత్తకు తీసికొని, బోధకులను మేస్త్రీలుగా నియమించి, కూలి ఇచ్చి మనవారి ప్రాణములు నిలిపెను. సహాయధనము పంచుచున్నంతకాలము బాప్తిస్మము ఇయ్యలేదు. ఆ సహాయము ముగిసిన పిదపనే జూలై 2, 3, 4 తేదీలలో 3,536 మందికి బాప్తిస్మమయ్యెను. అన్నమునకై వచ్చినవారైనచో అన్నము నిలిచిన పిదప ఏల వచ్చిరని మేము ప్రశ్నింతుము.

లోపములు లేవని మేము చెప్పము. బాప్టిస్టు సంఘములలో మనవారు, లూథరను సంఘములలో మాలలు ఎక్కువగా చేరిరి. ఒకే ప్రభువును కొలుచుచు, ఇప్పటికిని పెండ్లి సంబంధములకు మాత్రము కులమునే వెదకుచున్నాము. నాటి మూడు నియమములలో ఇది లేకపోవుట లోటే. ఈ మాట కులసంఘపు సంచికలో వ్రాయుట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును.

నేడు కరణములు లేరు, వెట్టి లేదు. ఆదివారము సర్కారు సెలవు. అయినను మతము కాగితమునందు ఇంకను కష్టము పెట్టుచున్నది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము షెడ్యూలు కులముల హోదా హిందువులకే కలిగెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించెను. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రములలో క్రైస్తవులైన షెడ్యూలు కులములవారు వెనుకబడిన తరగతులలో సి వర్గమున నున్నారు. వారికి నూటికి ఒక వంతు. ఈ విషయమును విచారించుటకు 2022లో కేంద్రప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి యధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. అర్జీలో మతమను గడి యెదుట కలము నిలిపి తండ్రి ముఖము వంక చూచు పిల్లలను మేము చూచియున్నాము. ఆ పిల్లలను గాని, ఆ తండ్రులను గాని మేము నిందింపజాలము.