మర్ఫీ రేడియో నుంచి బుడమేరు దాకా

మన సాఫ్ట్‌వేర్ జనాల ఇళ్ళల్లో గాడ్జెట్లకి కొదవేముంది? మా ఇంట్లోనే లెక్కేస్తే ఫోన్లు నాలుగు, లాప్‌టాప్‌లు రెండు, టాబ్లెట్ ఒకటి, గోడకి ఒక టీవీ, దాని కింద మాట్లాడే స్పీకర్ ఒకటి. శనివారం రాత్రి నేను ఫోన్లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూస్తుంటా, మా ఆవిడ టాబ్లెట్‌లో సీరియల్ చూస్తుంటుంది, నాన్నగారు టీవీలో చర్చలు వింటూ అందర్నీ తిడుతుంటారు. ఒకే హాల్లో ముగ్గురం, మూడు లోకాలు. ఇందులో తప్పేం లేదు లెండి. కానీ కృష్ణా డెల్టాలో ఓ యాభై అరవై ఏళ్ళ కిందట ఇంటికి కాదు, వీధికి ఒక్క గాడ్జెట్ ఉండేది. దాని పేరు రేడియో. దాని కథ తవ్వుతుంటే నాకు సరదా కబుర్లతో పాటు కాస్త ఆలోచించాల్సిన సంగతి ఒకటి తగిలింది. అదే ఇక్కడ చెప్దామని.

ముందు చరిత్ర. తెలుగువాళ్ళకి రేడియో మొదట మద్రాసు నుంచే వినిపించింది. 1938లో మద్రాసు కేంద్రం మొదలైంది, తెలుగు కార్యక్రమాలూ అక్కడ్నించే వచ్చేవి. విజయవాడలో కేంద్రం పెట్టింది 1948 డిసెంబర్ 1న. అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఐదేళ్ళ ముందే బెజవాడకి ఓ గొంతు వచ్చిందన్నమాట. పున్నమ్మతోట అనగానే విజయవాడ వాళ్ళకి ఇప్పటికీ గుర్తొచ్చేది ఆకాశవాణే.

ఆ కేంద్రంలో పనిచేసినవాళ్ళ పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. వీళ్ళ చేతుల్లో రూపుదిద్దుకున్న భక్తిరంజని వినకుండా డెల్టాలో తెల్లారేది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెబుతుంటే వీధులు ఖాళీ అయ్యేవని మా అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. తర్వాత ఎప్పుడో టీవీ రామాయణానికి వీధులు ఖాళీ అయ్యాయని అందరూ వింతగా చెప్పుకుంటారు గానీ, మనవాళ్ళకి ఆ అలవాటు ముందే ఉంది. నాటకాల సంగతి సరేసరి. చిలకమర్తి వారి గణపతిని నండూరి సుబ్బారావు గారి గొంతులో విన్నవాళ్ళు ఇంకా పగలబడి నవ్వుతూనే ఉంటారు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు చదివినవాళ్ళలో మన కొంగర జగ్గయ్య గారు కూడా ఉన్నారు. ఆయనదీ తెనాలి దగ్గర పల్లెటూరే, మోరంపూడి.

ఇంకో తమాషా. 1952 ప్రాంతాల్లో సమాచార మంత్రి కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టక ఆకాశవాణి నుంచి వాటిని దాదాపు తరిమేశారు. జనం ఊరుకుంటారా? సింహళం వైపు ముల్లు తిప్పారు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు తనదైన యాసలో తెలుగు పాటలు పరిచయం చేస్తుంటే చెవులప్పగించి విన్నారు. మన ప్రభుత్వం తేరుకుని 1957లో వివిధభారతి పెట్టింది. యూజర్‌కి కావాల్సింది మనం ఇవ్వకపోతే పక్కవాడి సర్వీసుకి పోతాడన్న పాఠం మన ప్రొడక్ట్ మేనేజర్ల కంటే ముందే ఆకాశవాణి నేర్చుకుంది.

సరే, ఇక ఆ పెట్టె సంగతి. మొదట్లో వచ్చినవి వాల్వు సెట్లు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్. చెక్క పెట్టె, ముందు గుడ్డ, లోపల వాల్వులు. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కి గొంతు రావడానికి కొంచెం టైము పట్టేది. ఇంటి మీద ఈ చివర్నించి ఆ చివరికి వలలాంటి రాగి ఏరియల్ కట్టేవాళ్ళు. అన్నిటికంటే నాకు ముచ్చటేసింది లైసెన్సు. రేడియో కొంటే సరిపోదు, పోస్టాఫీసుకెళ్ళి ఏటా రుసుం కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే సబ్‌స్క్రిప్షన్. 1980లలో గానీ అది పూర్తిగా రద్దవలేదు.

కరెంటు లేని ఊళ్ళలో వాల్వు సెట్టు నడపడం ఖరీదైన వ్యవహారం, పెద్ద బ్యాటరీలు కావాలి. అందుకని మునసబు గారింట్లోనో, కరణం గారింట్లోనో ఉండేది. పంచాయితీ ఆఫీసు మీద మైకు పెట్టి సాయంత్రం ఊరంతటికీ వినిపించేవాళ్ళు. ధాన్యం ధరలు, ఎరువుల సంగతులు, వార్తలు, చివర్లో పాటలు. ఆ తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి కథ మార్చేసింది. అమెరికాలో మొదటి ట్రాన్సిస్టర్ రేడియో 1954లో అమ్మకానికొస్తే, అరవైలు, డెబ్భైలకి అది డెల్టా చేలగట్ల మీదకి చేరింది. నాలుగు బ్యాటరీలు, చిల్లుల తోలు కవరు, భుజానికి పట్టీ. అల్లుడికి పెట్టే వాటిలో వాచీ, సైకిల్ పక్కన రేడియో కూడా చేరింది.

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ మాట్లాడుకుందాం, మనకి అదే కదా వచ్చింది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వినిపించేది. మీడియం వేవ్ పగటిపూట నేలని అంటిపెట్టుకుని ప్రయాణం చేస్తుంది. నేల ఎంత తడిగా, ఎంత ఉప్పగా ఉంటే అంత బాగా పాకుతుంది. రాళ్ళ గుట్టల మీద త్వరగా నీరసించిపోయే తరంగం, నీళ్ళు నిండిన వరిచేల మీదా, సముద్రం వైపున్న చౌడు నేలల మీదా హాయిగా సాగిపోతుంది. అంటే కృష్ణా డెల్టా లాంటి చోటు మీడియం వేవ్‌కి పుట్టినిల్లు లాంటిది. నాగాయలంకలో ఉన్నా, కోడూరులో ఉన్నా, బందరులో ఉన్నా బెజవాడ గొంతు స్పష్టంగా వినపడేది. పైగా వినేవాడు ఒక్కడైనా, లక్ష మందైనా ట్రాన్స్‌మిటర్ మీద ఒకటే భారం. మనం సర్వర్లు పెంచుకుంటూ పోయే గోలేమీ దానికి లేదు.

ఇంతవరకూ సరదా కబుర్లు. అసలు సంగతి ఇప్పుడు.

1977 అక్టోబర్ 23న హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. సరిగ్గా 27 రోజులకి, నవంబర్ 19న, దివిసీమ మీదకి ఉప్పెన వచ్చింది. తుఫాను చీరాల వైపు తీరం దాటింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, కన్నుకి కుడివైపున్న తీరం మీదకి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. ఆ కుడివైపున ఉన్నది దివిసీమ. తాటిచెట్టంత అల అని పెద్దవాళ్ళు చెప్పే నీటిగోడ మైళ్ళ కొద్దీ లోపలికొచ్చేసింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల పైన. అసలు లెక్క ఇంకా చాలా ఎక్కువని చూసినవాళ్ళంతా అంటారు.

అప్పుడు డెల్టా పల్లెల్లో టీవీ లేదు, ఫోను లేదు. ఉన్నది రేడియో ఒక్కటే. మరి రేడియో ఉండి కూడా అంతమంది ఎందుకు పోయారు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. చదివిన దాన్ని బట్టీ, ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పినదాన్ని బట్టీ నాకర్థమైంది ఇది. తుఫాను వస్తోందన్న మాట రేడియోలో రాకపోలేదు. కానీ తీరంలో ఉన్నవాళ్ళకి తుఫాను అంటే గాలీ వానా. ఏటా చూసేదే. సముద్రమే లేచి ఇంట్లోకొస్తుందని ఊహించినవాళ్ళు తక్కువ. బందరుని ముంచేసి దాదాపు ముప్ఫైవేల మందిని మింగిన 1864 ఉప్పెన అప్పటికి నూటపదమూడేళ్ళ పాత కథ. బతికున్న ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. ఒకవేళ నమ్మినా, వెళ్ళడానికి చోటేది? ఎక్కడ చూసినా తాటాకు ఇళ్ళు, సరైన రోడ్డు లేదు, ఎత్తైన పక్కా కట్టడం లేదు. అంటే సమాచారం చేరింది, కానీ అర్థం చేరలేదు. అర్థమైనవాళ్ళకి దారి లేదు.

అందుకే తర్వాత జరిగింది ముఖ్యం. ఉప్పెన తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు, రోడ్లు వేశారు, మచిలీపట్నంలో తుఫానుల్ని పసిగట్టే రాడార్ పెట్టారు. దివిసీమ సహాయ కార్యక్రమాల్లో మండలి వెంకట కృష్ణారావు గారి పేరు ఇప్పటికీ అక్కడ ఇంటింటా చెప్పుకుంటారు. పదమూడేళ్ళకి, 1990 మే 9న, దాదాపు అదే తీరం మీదకి 1977కి తీసిపోని తుఫాను వచ్చింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మృతులు వెయ్యి లోపు. వెయ్యి అంటే చిన్న సంఖ్య అనడంలేదు, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కానీ పదివేలకీ, వెయ్యికీ మధ్య ఉన్న తేడా కేవలం రాడార్‌ది కాదు. రేడియో చెప్పిన మాటకి అర్థం తెలిసిన జనం, వెళ్ళడానికి ఒక గట్టి కట్టడం, వచ్చి తలుపు తట్టే మనిషి, ఈ మూడూ కలిసి తెచ్చిన తేడా అది.

1977 గురించి మా అమ్మమ్మని అడిగాను. వాళ్ళది మొవ్వ వైపు పల్లెటూరు, సముద్రానికి కాస్త దూరం.

"అమ్మమ్మా, ఆ రోజు రేడియో విన్నారా?"

"విన్నాం రా. మీ తాతయ్య చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. గాలికి ఏమీ వినపడి చావలేదు. రెండోరోజు పొద్దున రేడియోలో దివి పేరు చెప్పాకే మాకూ తెలిసింది, అంత ఘోరం జరిగిందని."

"మరి అందరూ నమ్మారా?"

"రోజూ పొద్దున్నే దేవుడి పాటలు వినిపించే గొంతు కదా నాన్నా, అబద్ధం ఎందుకు చెబుతుందీ?"

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. నమ్మకం అనేది ఆపద రోజున డౌన్‌లోడ్ చేసుకునేది కాదు. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే కొంచెం కొంచెం కట్టుకొచ్చేది. భక్తిరంజని, ధాన్యం ధరలు, ఆదివారం భారతం, ఇవన్నీ ఆ ఒక్కరోజు మాటకి పెట్టుబడులు.

ఇప్పుడు 2024కి వద్దాం. ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 తెల్లవారుజాము. బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయాయి. మరోపక్క ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. 2009లో వచ్చిన 11.10 లక్షలే పెద్ద రికార్డు అనుకుంటే దాన్నీ దాటేసింది. మా మేనమామ వాళ్ళ ఫ్లాటు సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే "మెట్ల దాకా నీళ్ళున్నాయి రా, కరెంటు తీసేశారు" అన్నాడు. మధ్యాహ్నానికి ఫోన్ స్విచ్డ్ ఆఫ్. ఆ తర్వాత రెండు రోజులు మాకు కబురు లేదు. ఆ ఇంట్లో స్మార్ట్‌ఫోన్లు మూడున్నాయి, స్మార్ట్ టీవీ ఉంది, వైఫై ఉంది. ఒక్కటీ పనిచేయలేదు. డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపిన ఊళ్ళో, పక్క వీధిలో నీళ్ళు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్న సంగతి మా అత్తయ్యకి తెలిసే దారి లేకపోయింది. బెంగుళూరు, హైదరాబాదు, అమెరికాల్లో కూర్చుని అమ్మానాన్నల ఫోన్లకి ట్రై చేస్తూ ఆ రెండు మూడు రోజులు గడిపినవాళ్ళు మనలో ఎంతమందో.

ఇక్కడ సాంకేతికంగా ఏం జరుగుతుందో మనకి తెలిసిందే. కరెంటు పోతే సెల్ టవర్ కొన్ని గంటలు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిల్ ఉన్నంత సేపు నడుస్తుంది. నీళ్ళల్లో డీజిల్ తెచ్చి పోసేదెవరు? ఉన్న టవర్ల మీదకి అందరూ ఒక్కసారే ఎగబడతారు. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారి గట్టిగా మోగి పరీక్ష సందేశం వచ్చింది గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎంతమంది ఉన్నా ఒకే సందేశం ఒకేసారి పంపే పద్ధతి, అంటే రేడియో సూత్రమే. మంచి పని, కాదనను. కానీ దానికీ టవర్ బతికుండాలి, చేతిలో ఫోను బతికుండాలి. బ్యాటరీ రేడియోకి ఆ రెండూ అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్ ఎక్కడో దూరంగా పొడినేల మీద ఉంటే చాలు. రెండు మూడు చిన్న బ్యాటరీలతో రోజుకి కాసేపు వింటే వారాలు నడుస్తుంది.

పాత రోజులే బంగారం అని నేను చెప్పడంలేదు. రేడియో ఉన్న రోజుల్లోనే దివిసీమ మునిగింది, అది మరిచిపోకూడదు. వాతావరణ శాఖ లెక్కలు, ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు ఇవాళ కాపాడుతున్న ప్రాణాలు కూడా తక్కువేమీ కాదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటుతుందని మనకి ముందే తెలుసు. నేననేది ఒక్కటే. సిస్టమ్ డిజైన్‌లో మనం రోజూ చెప్పే మాట ఏమిటి? ఒకటి చెడితే ఆదుకోవడానికి రెండోది ఉండాలి, ఆ రెండోది మొదటిదాని మీద ఆధారపడకూడదు. ఆఫీసులో సర్వర్లకి అంత జాగ్రత్త పడతాం. అదే డెల్టాలో, పెద్దవాళ్ళిద్దరే ఉండే ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒకే కరెంటు తీగకి, ఒకే నెట్‌వర్క్‌కి వేలాడదీసి వచ్చేస్తాం.

అందుకని మొన్న సెలవులకి విజయవాడ వెళ్ళినప్పుడు బీసెంట్ రోడ్డులో తిరిగి మామయ్య వాళ్ళకొక చిన్న బ్యాటరీ రేడియో, మా నాన్నగారికొకటి కొన్నాను. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఈ రోజుల్లో ఇదెందుకురా" అన్నారు. రెండు వేళ్ళతో ముల్లు తిప్పుతూ స్టేషన్ పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, చేతికి గుర్తుంది. ఇప్పుడది వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఉంటోంది. అమ్మ పొద్దున కాఫీ కలుపుతూ రెయిన్‌బో కృష్ణవేణి వింటోందట. విడి బ్యాటరీలు నాలుగు పూజగదిలో అగ్గిపెట్టెల పక్కన పెట్టించాను. ఖర్చు మొత్తం కలిపి మనం ఓ పిజ్జాకి పెట్టేదానికంటే కొంచెం ఎక్కువ.

మీ ఇంటికెళ్ళినప్పుడు ఈసారి కొత్త ఫోనుతో పాటు అదొకటి కూడా పట్టుకెళ్ళండి.