కీళ్ళను బిగించిన బావినీరు

తుంటి పట్టుకొన్నవానికి మొదట కష్టమయ్యే పని నేలమీద గొంతుక్కూర్చొనడం. పిమ్మట నడుము వంగదు, మెడ తిరగదు. ఒక మనిషికి ఇట్లు జరిగితే వాతమనో, వయసు మీరినదనో సరిపెట్టుకోవచ్చును. ఊళ్ళో అనేకులు, నడివయసువారు సైతం, ఒకే తీరున బిగిసిపోతే ఏమనుకోవాలి? నెల్లూరు, నల్లగొండ జిల్లాల మెట్టగ్రామాలు ఈ ప్రశ్నను వైద్యశాస్త్రం ముందుంచినవి.

పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో కొన్నిచోట్ల పశువులకు ఇట్టి జబ్బున్నదని 1934లో మహాజన్ తెలియజేసినాడు. ఎద్దు కుంటితే సేద్యం ఆగుతుంది. మనిషి నొప్పి ఓర్చుకోవచ్చునన్నది మన అలవాటు. మనుషుల వ్యాధికి పేరు దొరకడానికి 1937 దాకా ఆగవలసి వచ్చినది. ఆ ఏట షార్టు అనే వైద్యశాస్త్రజ్ఞుడు మెక్‌రాబర్టు, బార్నార్డు, నాయర్‌లతో కలిసి నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, ఇది తాగునీటిలోని ఫ్లోరైడువల్ల కలిగే ఫ్లోరోసిస్ అని నిర్ధారించినాడు. (మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగి పెరుగుతుందని 1948లో చూపినవారిలో ఈ షార్టు ఒకడు.) కోపెన్‌హాగెన్‌లో క్రయొలైటు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలలో ఇట్టి మార్పునే 1932లో మొల్లర్, గుడ్‌జొన్సన్ కనుగొన్నారు. అక్కడ కర్మాగారం చేసిన పని ఇక్కడ బావి చేసినది.

బావికి ఆ ఫ్లోరైడు రాతినుండి వచ్చినది. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేటలనుండి ఆగ్నేయాన నల్లగొండ దాకా నేల అడుగున ఉన్నది చాలావరకు గ్రానైటు జాతి శిలయే. అందలి కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైన నీరు దానిని బాగా కరిగించుకొంటుంది. అందుచేతనే ఒకే రాతినేలలో ఒక బావి మంచిది, పక్క బావి చెడ్డది కావచ్చును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన.

సాధారణమైన తుంటివాతంలో ఎముకల నడుమ మెత్తగానుండే మృదులాస్థి అరుగుతుంది. ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టమై, కీలును కట్టియుంచే స్నాయువులు సున్నపుబారి గట్టిపడతవి. వైద్యంలో ఈ తేడా ముఖ్యం. మొదటిదానిలో తొడ, పిరుదు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కీలుకు ఊతమవుతుంది, నొప్పి తగ్గుతుంది. రెండవదానిలో మిగిలిన కదలికను నిలుపుకొనడానికే ఫిజియోథెరపీ తోడ్పడుతుంది. గట్టిపడిన స్నాయువును మెత్తబరచలేదు. మోకాళ్ళు వంచక కాలివ్రేళ్ళను తాకగలరా, గడ్డం రొమ్ముకు ఆనుతుందా, చేతులు చాచి తలవెనుక చేర్చగలరా అన్న మూడు పరీక్షలు బడిలోనే చేయించవచ్చును. చేయలేనివారందరికీ ఈ వ్యాధియే అనుకోరాదు, వైద్యునికి చూపాలి.

నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసినాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో పిల్లల మోకాళ్ళు లోనికి వంగి ఒకదానికొకటి తగిలే వికృతిని లాన్సెట్ పత్రికలో వర్ణించినారు. నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని 1975లో ప్రకటించినారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. శామీర్‌పేట దాటి పోతే వచ్చే గజ్వేలు ప్రాంతంలో 2016 ఆగస్టులో మిషన్ భగీరథ ప్రారంభమైనది. కృష్ణా, గోదావరుల నీటిని గొట్టాలద్వారా ఇండ్లకు చేర్చడం దాని ఉద్దేశం. ఆ నీరు రాకముందే నడుము బిగిసిన పెద్దలకు నొప్పి తగ్గించే మందులు, రోజూ చేసే వ్యాయామం ఇంకా అవసరమే.