నీలి రైలును గెలిచిన కారు ఏది?

పాత మోటారుకారు నొకదానిని చూచి, ఇది ఫలానాది యని నిర్ణయించుట అనుకొన్నంత సులభము కాదు. 1930వ సంవత్సరాంతమునకు లోపల నిర్మింపబడిన వానినే ఇంగ్లండులో ‘వింటేజి’ కార్లని వ్యవహరింతురు. ఆ కాలమున బెంట్లీ వంటి కంపెనీలు చట్రమును, ఇంజనును, చక్రములను మాత్రమే తయారుచేసి అమ్మెడివి. కొన్నవారు ఆ చట్రమును తమకు నచ్చిన బాడీ నిర్మాతల యొద్దకు పంపి, పైభాగమును తమ అభిరుచి ననుసరించి కట్టించుకొనెడివారు. కొయ్య చట్టము మీద అల్యూమినియపు రేకు గాని, తోలును పోలిన గుడ్డ గాని బిగించెడివారు. కొన్నాళ్ళకు దానిని విప్పి మరియొక బాడీని అమర్చుకొనుటయు కలదు. కావున రూపమును బట్టి కారు చరిత్రను చెప్పుట, తొడిగిన కోటును బట్టి మనిషి వంశమును చెప్పుట వంటిది.

ఇందులకు చక్కని నిదర్శనము ‘బ్లూ ట్రెయిన్’ బెంట్లీ కథ.

వుల్ఫ్ బర్నాటో అను ధనికుడు 1926 నుండి బెంట్లీ కంపెనీకి అధ్యక్షుడు. ఫ్రాన్సునందలి లెమాన్‌లో జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1928, 1929, 1930 సంవత్సరములలో వరుసగా గెలిచిన సాహసి. ఫ్రాన్సు దక్షిణ తీరమునుండి కలే రేవునకు ఆనాడు పోయెడి రైలునకు ‘నీలి రైలు’ అని పేరుండెను. 1930 జనవరిలో రోవర్ కారొకటి ఆ రైలుకంటె ముందుగా గమ్యము చేరి ప్రఖ్యాతి పొందెను. రైలును దాటుట గొప్ప గాదనియు, అది కలే చేరులోగా తాను లండనులోని తన క్లబ్బులో నుందుననియు బర్నాటో పందెము కాచెను. మార్చి 13వ తేదీ సాయంకాలము రైలు కాన్ పట్టణమును విడిచిన వేళనే అతడును బయలుదేరెను. త్రోవలో వర్షము కురిసెను, మంచు క్రమ్మెను, టైరు పగిలెను. అయినను బులోన్ వద్ద ఓడనెక్కి కాల్వను దాటి, మరునాటి మధ్యాహ్నము 3 గంటల 20 నిమిషములకు లండను చేరెను. రైలు కలే చేరుటకు ఇంకను నాలుగు నిమిషములున్నవి!

అతడు నడిపినది ఆరున్నర లీటర్ల ‘స్పీడ్ సిక్స్’ బెంట్లీ. బర్నాటోకు అట్టి చట్రము మీద గర్నీ నటింగ్ కంపెనీవారు కట్టిన కూపే యొకటి యుండెను. వాలు కప్పు, ఇరుకైన అద్దములు, వెనుక ప్రక్కవాటుగా అమర్చిన ఒక్క ఆసనము గలిగి, చూపులకే వేగము మూర్తీభవించినట్లుండెడిది. పందెము గెలిచిన కారు ఇదియే యని లోకము నమ్మెను. చిత్రకారుడు టెరెన్స్ క్యూనియో ఇది రైలుతో పోటీపడుచున్నట్లు గొప్ప చిత్రమును రచించెను. ఆ చిత్రముతో నమ్మకము స్థిరపడిపోయెను.

కాని తేదీలు వేరు మాట చెప్పినవి. ప్రతి చట్రమునకు సంఖ్య యుండును. అది ఎప్పుడు ఎవరికి అప్పగింపబడినదో లెక్కలుండును. వానిని పరిశీలింపగా, కూపే బర్నాటో చేతికి వచ్చినది 1930 మే మాసమున అని తేలెను. పందెము జరిగినది మార్చిలో! ఇంకను పూర్తికాని కారు ఫ్రాన్సులో ఎట్లు పరుగెత్తగలదు? నాడు అతడు నడిపినది హెచ్. జె. మలినర్ కంపెనీవారు బాడీ కట్టిన మరియొక స్పీడ్ సిక్స్. నాలుగు తలుపుల సాదా సెలూను. కీర్తి అందమైనదానికి దక్కెను, శ్రమ సాదాదానిది.

ఇందు ఎవరును మోసము చేసినట్లు తలపనక్కరలేదు. సాహసగాథ వినిన మనస్సు దానికి తగిన రూపమును వెదకికొనును. కంటి కింపైనదానికే పట్టము గట్టును. ఒక పురాతన వస్తువును గుర్తింపగోరువారు మొదట చూడవలసినది దాని సొగసు గాదు. దాని సంఖ్య, పిదప లెక్కల పుస్తకము. కథను తేదీతో సరిపోల్చినగాని చరిత్ర కానేరదు. కూపే నేటికిని ‘బ్లూ ట్రెయిన్’ అను పేరుతోనే పిలువబడుచున్నది. దాని శిల్పమునకు ఆ గౌరవము తగియే యుండవచ్చును. అయినను, వర్షములో, మంచులో రాత్రియంతయు పరుగెత్తిన ఆ సెలూను పేరును దాని ప్రక్కన చెప్పుట న్యాయము.