ఘారాపురి శాసనం, కామాటిపుర చాళ్ళు

ముంబైలో గ్రాంట్ రోడ్ స్టేషనుకు తూర్పుగా కొంతదూరం నడిస్తే కామాటిపుర వస్తుంది. ఇటీవల ఒక ఆదివారం మేమూ మా విద్యార్థులూ అక్కడినుంచి బయలుదేరి ఘారాపురి ద్వీపం చూసి, చీకటిపడే వేళకు తిరిగివచ్చాము. లోకం ఎలిఫెంటా అనే ద్వీపం ఇదే. పోర్చుగీసువారు ఏ రాతి ఏనుగును చూసి ఆ పేరు పెట్టారో, అది ఇప్పుడు అక్కడ లేదు. 1864లో ముక్కలుగా నగరానికి తరలించి, 1914లో బైకులా ఉద్యానవనంలో అతికి నిలబెట్టారు. కామాటిపురకు అది దగ్గరే కనుక ముందు ఏనుగును చూసుకొని, తరవాత గేట్‌వే దగ్గర లాంచి ఎక్కాము. సుమారు గంట ప్రయాణం.

రేవునుంచి మెట్లెక్కితే పెద్ద గుహ వస్తుంది. అది 6వ శతాబ్ది నాటిదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఇరవై అడుగుల సదాశివమూర్తిని గురించి ఎందరో రాశారు, మేము కొత్తగా చెప్పగలిగింది లేదు. మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది అక్కడ కనిపించని ఒక రాయిని గురించి. గుహ ద్వారం మీద శాసనం ఉండేదనీ, పోర్చుగీసువారు దాన్ని ఊడదీసి తమ రాజుకు పంపారనీ, చదవగలిగినవారు ఎక్కడా దొరకలేదనీ వారి చరిత్రకారుడు దియోగో దో కౌతో రాశాడు. ఆ రాయి తరవాత జాడ లేకుండా పోయింది. గుహను తొలిపించినది కలచురులా, కొంకణ మౌర్యులా అన్న వాదం అందుకే నేటికీ తెగలేదు. తొలిచిన చేతుల మాట సరేసరి.

గుట్టపైన బ్రిటిష్‌వారు రేవు కాపుదలకు నిలిపిన ఫిరంగులున్నాయి. వాటి కింది గదులు పాడుపడ్డాయి. అక్కడినుంచి చూస్తే ముంబై ఒకే ముక్కగా కనిపిస్తుంది కాని, అదీ ఒకప్పుడు ఏడు ద్వీపాలే. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో, 1784 ప్రాంతాన, వర్లీ దగ్గరి గండికి కట్ట పడింది. పోటునీరు ఆగి పల్లపు నేలలు బయటపడ్డాయి. కామాటిపుర లేచినది అటువంటి నేలమీదనే. 18వ శతాబ్ది చివరినుంచి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలవారు రాయి, సున్నం, మట్టి పనులకు బొంబాయి వచ్చి అక్కడ కుదురుకొన్నారు. కామాటి అంటే కూలిపని చేసేవాడు. పేటకు వారి పేరే నిలిచింది. వారిలో గుత్తేదారులైనవారూ ఉన్నారు. జోతిరావ్ ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో వెంకూ బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగు వంటి తెలుగువారు ముఖ్యులు. మన సంఘసంస్కరణ చరిత్రలు ఈ పేర్లను దాదాపు పట్టించుకోలేదు. కామాటిపుర అనగానే లోకానికి తోచేది వేరు. దానిమీద పుస్తకాలకూ సినిమాలకూ కొదవలేదు.

సాయంత్రం ఒక చాలుకు వెళ్ళాము. సగం గదులకు తాళాలున్నాయి. ప్రభుత్వం మ్హాడా ద్వారా పేటను మొత్తంగా తిరిగి కట్టించ తలపెట్టింది. ఇరుకు గదులలో, ఉమ్మడి మరుగుదొడ్లతో కాలం గడిపినవారు దానికి సంతోషిస్తే తప్పుపట్టే హక్కు మాకు లేదు. కాని గోడలతోపాటు ఏమేమి పోతాయో ఎవరూ లెక్క కట్టడం లేదు.

వసారాలో కూర్చున్న ఒక పెద్దాయనను ఈ చాలు ఎవరు కట్టారని అడిగాము.

"మా తాత సున్నం మోసిండు బిడ్డా. మాలెక్ పేరైతే మీద రాసుండె. మోసినోళ్ళ పేరు ఎవలు రాస్తరు?"

తల ఎత్తి చూశాము. ద్వారం పైన ఒక రాతిపలక ఉంది. అనేకసార్లు వేసిన రంగు కింద అక్షరాలు పూడిపోయాయి. విద్యార్థి ఒకరు స్టూలు అడిగి తెచ్చుకొని, తడిగుడ్డతో మెల్లగా తుడవడం మొదలుపెట్టారు. ముందు ఒక అంకె తేలింది. వెలుతురు చాలక మిగతాది మరునాటికి వాయిదా వేశాము.