ఇమాటినిబ్: ఒక మాత్ర పుట్టుపూర్వోత్తరాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి రక్త క్యాన్సర్ వైద్యానికి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఉంటారు. వాళ్లలో దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా ఉన్నవారికి తరచుగా మొదట రాసే మందు ఇమాటినిబ్. దీని కథ ఎముకల మూలుగలో మొదలవుతుంది.

మూలుగలో ఏ కణం ఎంత తయారుకావాలో వృద్ధికారకాలనే ప్రొటీన్లు చెబుతాయి. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ వదులుతాయి, ఎర్రకణాలు పెరుగుతాయి. తెల్లకణాలను పెంచే కారకాల జాడ 1960లలో మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డోనాల్డ్ మెట్‌కాఫ్‌లకు దొరికింది. కారకం కణం మీది గ్రాహకానికి తగలగానే లోపలి కైనేజ్ ఎంజైములు ఒకదాన్నొకటి లేపి, విభజించమన్న కబురును కేంద్రకానికి చేరుస్తాయి. పని తీరాక కబురు ఆగాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తూముకు షట్టర్ దించకపోతే పొలం ఏమవుతుందో, అది ఆగకపోతే రక్తమూ అంతే.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా రోగుల కణాల్లో కురచైన క్రోమోజోమును చూశారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దీనికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకులో పుట్టిందే బీసీఆర్-ఏబీఎల్. ఏ కారకమూ తగలకుండానే నిరంతరం పనిచేసే కైనేజ్ అది. ఏబీఎల్ మొదట ఎలుకల్లో ల్యుకేమియా తెచ్చే ఒక వైరస్‌లో దొరికింది. ఆ వైరస్ జన్యు అక్షరక్రమాన్ని 1983లో ప్రచురించిన బృందంలో ప్రథమ రచయిత, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి.

ఆ కైనేజ్‌కు శక్తినిచ్చే ఏటీపీ కూర్చునే చోటును ఇమాటినిబ్ ఆక్రమిస్తుంది. 2001 మేలో అమెరికా దీన్ని అనుమతించింది. దీన్ని తయారుచేసిన నోవార్టిస్ కంపెనీ మందు మన దేశంలో నెలకు లక్ష రూపాయలు దాటేది. 2003లో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఇదే మందును ‘వీనాట్’ పేరుతో తెచ్చింది. దేశీయ మాత్రల ఖర్చు నెలకు పదివేల దరిదాపుల్లోకి దిగింది. నాట్కో ఫ్యాక్టరీల్లో ఒకటి నల్లగొండ జిల్లాలోనే, నాగార్జునసాగర్‌లో ఉంది. నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చాయి.

ఒకప్పుడు కొన్నేళ్లలో ప్రాణం తీసిన ఈ జబ్బుతో ఇప్పుడు చాలామంది దశాబ్దాలు బతుకుతున్నారు. తెల్లకణాల లెక్క మామూలైందని మాత్ర సొంతంగా మానకండి. ఆపాలో వద్దో బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.