చల్లారని పలక

జర్మనీలో వైమార్ పట్నం పక్కన ఎటర్స్‌బెర్గ్ అని ఒక గుట్ట. మహాకవి గెథే ఇష్టంగా తిరిగిన చోటు. 1937లో నాజీలు ఆ గుట్ట మీదే బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం పెట్టారు. దాదాపు 2,80,000 మందిని అందులో కుక్కారు. వాళ్ళలో సుమారు 56,000 మంది ప్రాణాలతో బయటపడలేదు.

1945 ఏప్రిల్ 11న శిబిరానికి విముక్తి వచ్చింది. ఎనిమిది రోజులు తిరిగేసరికి, బతికి మిగిలినవాళ్ళు హాజరు మైదానంలో సంతాప సభ జరిపారు. రోజూ తమను గంటల తరబడి నిలబెట్టి లెక్కపెట్టిన మైదానమది. చనిపోయినవాళ్ళ కోసం అక్కడ ఒక కర్ర స్తంభం నాటారు. చేతికందిన చెక్కతో చేసినది, ఎన్నాళ్ళుంటుంది? పోయింది. 1958లో తూర్పు జర్మనీ ప్రభుత్వం గుట్ట వాలున గంట గోపురంతో పెద్ద స్మారకమే కట్టింది. తలెత్తి చూడాల్సిన కట్టడం.

విముక్తికి యాభై ఏళ్ళు నిండిన 1995లో ఆ కర్ర స్తంభం మళ్ళీ గుర్తుకొచ్చింది. దాన్ని గుర్తుచేసే పని హోర్స్ట్ హోహైజెల్ అనే కళాకారుడు చేపట్టాడు. ఈయన ధోరణే వేరు. జర్మనీలోనే కాసెల్ నగరంలో నాజీలు పడగొట్టిన ఫౌంటెన్‌ని తిరిగి కట్టమంటే, దాని ఆకారాన్ని తలకిందులు చేసి భూమిలోకి దించాడు. ఇక్కడా స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టలేదు. ఆర్కిటెక్ట్ ఆంద్రేయాస్ క్నిట్జ్‌తో కలిసి, అది ఉన్న చోటనే నేలకు సమంగా ఒక లోహపు పలక పరిచాడు. శిబిరంలో మగ్గినవాళ్ళు ఏయే జాతులవారో దాని మీద చెక్కించాడు. యాభైకి పైగా పేర్లు. స్మారకానికే స్మారకం అన్నమాట.

అసలు సంగతి పలక కింద ఉంది. ఏడాది పొడుగునా దాన్ని 37 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచుతారు. జ్వరం లేని మనిషి ఒంటి వేడి అది. మైదానమంతా మంచు కప్పేసినా పలక మీద పడింది పడ్డట్టే కరిగిపోతుంది. చూస్తే మామూలు రేకులాగే ఉంటుంది. తెలియాలంటే వంగాలి, ముట్టుకోవాలి. జ్వరం చూడ్డానికి పిల్లల నుదుటి మీద చెయ్యి వేస్తామే, అలా.

2009 జూన్‌లో రచయిత ఎలీ వీజెల్ ఈ పలక మీద తెల్ల గులాబీ ఉంచాడు. పదహారేళ్ళ వయసులో ఖైదీగా ఇక్కడున్నవాడు, ఈ శిబిరంలోనే తండ్రిని పోగొట్టుకున్నవాడు. పక్కన అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ ఉన్నారు.

మీరెప్పుడైనా అటు వెళితే, ఎంత చలిగా ఉన్నా సరే, ఆ పలక దగ్గర చేతి తొడుగు తీసెయ్యండి.