నొప్పి లేని కంతి

అనంతపురం, గుత్తి పట్టణాల నడుమ పెన్నా ఒడ్డున ఉన్న పామిడి ప్రాంతంలో నోటి జబ్బు అనగానే జనానికి తట్టేది పిప్పిపన్ను, లేదా ఫ్లోరైడు నీటి వల్ల పళ్లపై తేలే గోధుమరంగు మచ్చ. దవడలోనో అంగిట్లోనో ఏళ్ల తరబడి పెరిగే అరుదైన నిరపాయ కంతి, అంటే క్యాన్సరు కాని కంతి, నొప్పి పుట్టించదు గనుక వైద్యుని దగ్గరకు ఆలస్యంగానే చేరుతుంది.

ఈ నొప్పిలేమిని ప్రాచీనులు గుర్తించకపోలేదు. నోటి రోగాలను 65గా లెక్కించిన సుశ్రుత సంహిత, అంగిలి రోగాలు తొమ్మిదింటిలో తాబేటి వీపులా ఉబ్బి, బాధ లేకుండా మెల్లగా పెరిగే దానిని కచ్ఛపమనీ, రేగుపండంత అయి కదలక ఉండేదానిని పుప్పుటమనీ పేర్కొంది. ఎక్స్‌రే, సూక్ష్మదర్శిని లేని కాలంలో ఇంత సూక్ష్మంగా చూడగలగడం నిజంగా గొప్ప విషయం.

దవడ ఎముకలో పుట్టే అమెలోబ్లాస్టోమా చరిత్ర మరింత చిక్కుది. పంటి పింగాణి పొరను తయారుచేసే కణజాలం నుంచి పుట్టే ఈ కంతిని 1827లో క్యూసాక్ అనే వైద్యుడు వర్ణించగా, 1885లో మలాసే అనే మరో వైద్యుడు దానికి పింగాణిని సూచించే పేరు పెట్టాడు. కంతిలో పింగాణి ఉండదు గనుక ఆ పేరు తప్పుదారి పట్టించేదని తేలి, 1930ల నాటికి నేటి పేరు వచ్చింది. బొటనవేలితో నొక్కితే పలచబడిన ఎముక గుడ్డుపెంకులా చిట్లినట్టు తోస్తుంది, ఎక్స్‌రేలో సబ్బునురగ బుడగల్లాంటి గదులు కనిపిస్తాయి. అయినా ఆ నీడను చూసి తీర్పు చెప్పడం తగదు, ఎందుకంటే వేరే కంతులూ అలాగే కనిపిస్తాయి; చిన్న ముక్క కోసి, ఫార్మలిన్‌లో భద్రపరచి, పలచని పొరలుగా తరిగి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూసే బయాప్సీయే నిర్ణాయకం.

ఆ సూక్ష్మదర్శిని పామిడికి చాలాకాలం దూరంగానే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయిన 1953లోనే మద్రాసు వైద్య కళాశాలలో దంతవైద్య విభాగం మొదలైంది. కర్నూలు వైద్య కళాశాల 1957లో, హైదరాబాదు ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చాయి. అనంతపురానికి వైద్య కళాశాల 2000లో గాని రాలేదు. ఒక్క కరువు ఏడాది కూలి కోల్పోయినా కుదేలయ్యే కుటుంబానికి, నొప్పి లేని వాపు కోసం అంత దూరం వెళ్లడం సులభంగా తీసుకోగల నిర్ణయం కాదు.

చికిత్సలో కూడా అనుభవమే గురువైంది. కంతిని గోకి తీసివేస్తే మిగిలిన కణాలు ఎముక సందుల్లోంచి మళ్లీ పెరిగేవి. అందుకే చుట్టూ ఒక సెంటీమీటరుకు పైగా ఆరోగ్యకరమైన ఎముకను కూడా కలిపి కోయడం వాడుకలోకి వచ్చింది. దానివల్ల పడిన లోటును పూడ్చడానికి, 1989లో హిడాల్గో అనే శస్త్రవైద్యుడు కాలి పిక్కలోని సన్నఎముకను రక్తనాళాలతో సహా తీసి దవడ ఆకారానికి వంచి అమర్చిన పద్ధతిని ప్రచురించాడు. కంతితో పోయిన దవడలో మళ్లీ పళ్లు పెట్టించుకునే వీలు దానితో మెరుగైంది.